తిప్పి చెప్పాకే జవాబు

కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది
ఆదివారం సాయంత్రం

పేచీకి,

ప్రభువు దయవల్ల మోకాళ్ళు తప్ప మిగతా నేనంతా బాగున్నాను. మోకాళ్ళ గురించి ఆయనతో విడిగా మాట్లాడుతున్నాను.

ఫోను చెయ్యొచ్చుగా, ఈ కాగితాలేమిటి అంటావని తెలుసు. ఫోనులో నువ్వు "ఆఁ చిన్నతాతా, ఊఁ చిన్నతాతా" అంటూ తప్పించుకుంటావు. కాగితం మీద "ఊఁ" అని రాసి, కవరులో పెట్టి, బిళ్ళ అంటించి పంపాలంటే ఎంతటి పేచీకోరుకైనా సిగ్గేస్తుంది.

విషయానికి వస్తాను. దానికి ముందు ఒక్క మాట. నిన్న ఒకాయన కొట్టుకొచ్చి, దూరానివీ కనబడడం లేదు, దగ్గరివీ కనబడడం లేదు, ఏం చెయ్యమంటారని అడిగాడు. మధ్యలోవి చూస్తూ ఉండండి, ఈలోగా అద్దాలు తెప్పిస్తాను అన్నాను. నవ్వలేదు. నవ్వని మనుషులు ఎక్కువైపోయారు. కొట్టు అప్పగించేశాక కూడా నేను రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేది ఒక్కరైనా నవ్వుతారేమోనని.

విషయం ఇది. ఆరాధన అయ్యాక కింది హాల్లో నేను చెప్పే బైబిలు క్లాసు నీకు తెలుసు, అందులోనే పెరిగావు. ముసలివాళ్ళూ పిల్లలూ ఒకే బెంచీల మీద కూర్చునే క్లాసు మన సంఘంలో అదొక్కటే. దాన్ని రెండు చేస్తామంటున్నాడు కార్యదర్శి. యౌవనస్థులకి పై హాలు, తెర, చిన్న పాస్టరుగారు. పెద్దవాళ్ళకి కింది హాలు, చప్పుడు చేసే ఫ్యాను, నేను. ఏడాది చివర సర్వసభ్య సమావేశంలో ఓటుకి పెడతాడట.

అతను చెడ్డవాడు కాడు. పోయిన ఆదివారం తలుపు దగ్గర నిలబడి చూశాడు. పిల్లలు ఫోన్లలో ఉన్నారు. పెద్దలు నిద్రలో ఉన్నారు. నావైపు చూస్తూ తల ఊపుతున్నది మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేసుకుని తిరిగే పిల్ల ఒక్కతే. తీరా చూస్తే అది పాటకి ఊపుతోంది.

అయినా నేను వదలను. రెండు చేస్తే కింది క్లాసు ఒక్కొక్కరూ పోతూ పోతూ ఖాళీ అవుతుంది. పై క్లాసు పిల్లలకేమో, నమ్మకంతోనే ముసలితనానికి వచ్చిన మనిషి మొహం ఎలా ఉంటుందో దగ్గరగా చూసే యోగం ఉండదు. నేను నమ్మింది ఎవరి చేతిలోనూ పెట్టకుండా పోవడం నాకు ఇష్టం లేదు. ఆ చేతులన్నీ మేడెక్కిపోతే ఎవరికి ఇవ్వను?

నువ్వు నా క్లాసులో ఎక్కువ గొడవ చేసిన మనిషివి, కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఎలా చెప్పుంటే వినేదానివి? ఉన్నదున్నట్టు రాయి.

అక్కడ చర్చికి వెళ్తున్నావా?

చిన్నతాత

*

లిఫ్టు కంపెనీ వర్క్‌షాపు
మధ్యాహ్నం, పని మధ్యలో

చిన్నతాతా,

ఉన్నదున్నట్టు రాయమన్నావు కదా, రాస్తున్నాను. తరవాత మూతి ముడుచుకోకూడదు.

కొట్లో నువ్వు ఎలా ఉంటావో నాకు గుర్తుంది. ఒక అద్దం పెట్టి "ఇది బాగుందా?" అంటావు, ఇంకోటి పెట్టి "ఇదా?" అంటావు. వాళ్ళు సరిగ్గా చెప్పేదాకా ఓపిగ్గా అడుగుతూనే ఉంటావు. క్లాసులో ఎప్పుడైనా ఎవరినైనా అలా అడిగావా? అందరికీ ఒకే నంబరు అద్దాలు పెట్టి, కనబడుతోందా లేదా అని కూడా అడగకుండా ప్రార్థన చేసి పంపేస్తావు.

పక్షవాతం మనిషిని మంచంతో సహా పైకప్పు విప్పి యేసు ముందుకి దించిన నలుగురి సంగతి చెప్పినప్పుడు, చిన్నపిల్లని, ఒకటే అడిగాను: నలుగురూ తాడు ఒకేలా వదలకపోతే మంచం ఒరిగిపోదా, ఎవరు ఎవరికి చెప్పారు, ఎలా చెప్పారు అని. "అది ముఖ్యం కాదమ్మా" అని విశ్వాసం గురించి మొదలెట్టావు. నాకు అదే ముఖ్యం. చూడు, ఇప్పుడు అదే పని చేసుకుని బతుకుతున్నాను.

కావాలంటే మా పద్ధతి ఒకటి చెబుతాను. లిఫ్టు బాగుచేసేటప్పుడు ఒకరు పెట్టె మీద నిలబడతారు, ఇంకొకరు పైన మిషను గదిలో ఉంటారు. ఒకరికొకరు కనబడరు. పెట్టె మీది మనిషి "ఒక అడుగు కిందికి" అంటే పైవాడు వెంటనే దించకూడదు. "ఒక అడుగు కిందికి" అని తిప్పి చెప్పాలి. కిందివాడు "అవును" అనాలి. అప్పుడే కదిలించాలి. తిప్పి చెప్పింది తప్పైతే "కాదు" అంటారు, మళ్ళీ మొదటినుంచీ. ఎంత అనుభవం ఉన్నా, ఎంత తొందరున్నా ఇంతే. నాకు పని నేర్పిన మేస్త్రీ దీని దగ్గర ఎవరినీ క్షమించేవాడు కాదు.

నీ క్లాసులో పెట్టి చూడు. ఎదుటివాళ్ళు అన్నది తిప్పి చెప్పి, వాళ్ళతో "అవును" అనిపించుకున్నాకే ఎవరైనా జవాబివ్వాలి. నువ్వు కూడా. ముఖ్యంగా నువ్వు.

వెళ్ళాలి, పైనుంచి పిలుస్తున్నారు.

పేచీ

*

కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది
వాన కురుస్తున్న రోజు

పేచీకి,

మూతి ముడుచుకున్నాను. ఒక పూట. తరవాత ఆకలేసి విప్పాను.

నీ పద్ధతి పెట్టాను. పెట్టిన మొదటి ఆదివారం ఘోరంగా పోయింది. రెండో ఆదివారం సంగతి చెబుతాను, అది వినదగ్గది.

పెద్ద నర్సమ్మ తెలుసుగా. కాన్పుల వార్డుని ఒంటిచేత్తో నడిపి రిటైరైంది, ఇప్పటికీ మన హాల్లోకి వస్తూనే మంచాల వరస సరిచూసినట్టు బెంచీల వరస సరిచూస్తుంది. ఇద్దరిద్దరిగా కూర్చోబెడితే ఆవిడా హెడ్‌ఫోన్ల పిల్లా ఒక జత అయ్యారు. పిల్ల అంది: "ప్రార్థన చేస్తుంటే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండదండీ. నాతో నేనే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది."

నర్సమ్మ తిప్పి చెప్పింది: "ఈ పిల్ల ప్రార్థన మానేసింది."

"కాదు."

"దీనికి దేవుడంటే లెక్కలేదు."

"కాదండీ."

"మరి ఏమన్నావే?"

"ముందు వినండి. తరవాత తిట్టుకోండి."

నర్సమ్మని ఎదిరించి అంత మాట అన్న మనిషి డాక్టర్లలో కూడా లేడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని (ఆ ఫ్రేము నేనే ఇచ్చాను, ముక్కు మీద జారుతోంది, బిగించాలి) మూడోసారికి ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్ల "అవును" అంది. ఆ "అవును" అన్నప్పుడు దాని మొహం చూడాల్సింది. ఎవరో తలుపు తీసినట్టుంది.

ఇప్పుడు నర్సమ్మ వంతు. "నాకు ప్రార్థన డ్యూటీ. వార్డులోకి వెళ్ళాలంటే వెళ్ళాలి. ఇష్టమేనా అని ఎవరూ అడగరు" అంది.

పిల్ల తిప్పి చెప్పింది: "ఇష్టం లేకపోయినా వెళ్తారు. లోపల ఎవరో మీకోసం ఎదురుచూస్తున్నారు కాబట్టి."

"ఆ రెండోది నేననలేదు" అంది నర్సమ్మ. మళ్ళీ తనే, "అయినా తీసెయ్యకు, ఉండనీ" అంది.

నేను ఇన్నేళ్ళుగా ప్రార్థన మీద చెప్పినవన్నీ కలిపినా ఆ ముక్క ఎత్తు తూగవు. ఇది నేను అంటున్నానని ఎవరికీ చెప్పకు.

కార్యదర్శి మాత్రం ఇది ఒకరోజు సరదా అంటున్నాడు. కాబట్టి ఒక ఆలోచన చేశాను. సమావేశానికి ముందు వచ్చే ఆదివారం నువ్వు రావాలి. ఈ క్లాసులో పెరిగిన పిల్ల, నగరంలో సొంత కాళ్ళ మీద నిలబడ్డ పిల్ల, లేచి నిలబడి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెబితే కార్యదర్శి నోట మాట రాదు.

ఇంకోటి. పోయిన ఉత్తరంలో ఒక ప్రశ్న అడిగాను. నువ్వు దాటేశావు. తిప్పి చెబుతున్నాను: చర్చికి వెళ్తున్నావా?

చిన్నతాత

*

లిఫ్టు కంపెనీ వర్క్‌షాపు

చిన్నతాతా,

రాను. సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. క్లాసు బాగా నడుస్తున్నందుకు సంతోషం. ఈ సంగతి మళ్ళీ ఎత్తకు. ఇకమీదట ఫోను చెయ్యి, ఊఁ అంటాను.

పేచీ

*

కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది

పేచీకి,

నువ్వు అన్నది ఇది: రావు. సాక్ష్యం చెప్పడానికి నీ దగ్గర ఏమీ లేదు. క్లాసు నడుస్తున్నందుకు సంతోషం. ఈ సంగతి మళ్ళీ ఎత్తకూడదు.

సరిగ్గా విన్నానా? అవునంటే "అవును" అని రాయి, ఇక ఎత్తను. కాదంటే దిద్దు.

చిన్నతాత

ఇంత చిన్న ఉత్తరం నా జన్మలో రాయలేదు. చెయ్యి నొప్పెడుతోంది.

*

అద్దె గది
ఆదివారం ఉదయం, చర్చికి వెళ్ళే వేళ

చిన్నతాతా,

"అవును" అని రాయడానికి కూర్చున్నాను. రాయలేకపోయాను. అందుకని దిద్దుతున్నాను.

నాకు పని నేర్పిన మేస్త్రీ పోయాడు. పోయిన చలికాలం మొదట్లో. ప్రమాదం ఏమీ కాదు, ఊపిరితిత్తుల జబ్బు. మంచి విశ్వాసి. లిఫ్టు గొయ్యిలో నిలబడి కీర్తన పాడితే బావిలోంచి వచ్చినట్టు అన్ని అంతస్తులకీ వినబడేది. జనం తలుపుల దగ్గర ఆగి వినేవాళ్ళు. మనిద్దరినీ కలపాలని ఉండేది నాకు, మీరిద్దరూ కలిస్తే మాట్లాడేది ఎవరు, వినేది ఎవరు అని చూద్దామని.

ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను ప్రార్థన చేశాను. మామూలుగా చేసేలాగా కాదు. పట్టుకుని వదలకుండా చేశాను. పని చేస్తూ చేశాను, బస్సులో చేశాను. ఇక్కడి మా సంఘం కూడా చేసింది. ఆయన పోయాడు.

దానికి నేను అలగలేదు. మనుషులు పోతారు, అది నాకు తెలుసు. కానీ భూస్థాపన అయ్యాక వాళ్ళింట్లో అందరం కూర్చుని ఉంటే, సంఘంలో ఒక పెద్దాయన మేస్త్రీ భార్యతో అన్నాడు: "విశ్వాసం చాల్లేదమ్మా. నిండుగా ఉండుంటే లేచేవాడు." ఎంత ప్రేమగా అన్నాడో తెలుసా. నెత్తి మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. గదినిండా మనుషులు. ఒక్కరూ కాదనలేదు. ఆవిడ తలవంచుకుని "అంతేనేమోనండీ" అంది.

ఆ రోజునుంచీ నేను చర్చికి వెళ్ళడం లేదు. ఆవిడా వెళ్ళడం లేదు. ప్రార్థన చేద్దామని కూర్చుంటే ఆ చెయ్యి నెత్తి మీద కనబడుతుంది. నీ క్లాసులో లేచి నిలబడి ఏం చెప్పను?

పేచీ

*

కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది

అమ్మా,

ఈ ఉత్తరం రాసేముందు చాలా కాగితాలు చింపాను. ప్రతిదాంట్లోనూ జవాబుంది. అందుకే చింపాను.

నువ్వు అన్నది ఇది. నీకు పని నేర్పిన మనిషి పోయాడు. ఆయనకోసం నువ్వు ఎన్నడూ చెయ్యనంతగా ప్రార్థన చేశావు. పోయాక, ఆయన విశ్వాసం చాల్లేదని ఒక పెద్దమనిషి ఆయన భార్యతో అన్నాడు. మేస్త్రీని బతికించనందుకు నీకు దేవుడి మీద కోపం వచ్చింది. అప్పట్నుంచీ చర్చికి వెళ్ళడం లేదు, ప్రార్థన చెయ్యలేకపోతున్నావు.

సరిగ్గా విన్నానా?

విన్నానంటే ఒకటి అడుగుతాను. సాక్ష్యం చెప్పడానికి ఏమీ లేదన్నావు. నువ్వు రాసినదే సాక్ష్యం. నువ్వు రానక్కర్లేదు. ఆ ఉత్తరం క్లాసులో చదవనిస్తావా? మా ముసలివాళ్ళం ఇన్నేళ్ళు నమ్ముకున్నది అంత బరువు మొయ్యగలదో లేదో పిల్లల ముందే తేలాలి. మొయ్యలేకపోతే కార్యదర్శి అన్నదే నిజం, పిల్లల్ని మేడెక్కించడమే మంచిది.

చిన్నతాత

*

అద్దె గది

చిన్నతాతా,

ఒక్కచోట మాత్రం "కాదు". మేస్త్రీని బతికించనందుకు కాదు కోపం. ఆవిడ తలవంచుకుని "అంతేనేమో" అంటుంటే, ఆ గదిలో దేవుడి తరఫున మాట్లాడినవాడు అతనొక్కడే అయినందుకు. అది దిద్దుకో. మిగతాది అవును.

చదువుకోండి. మూడు షరతులు. ఎవరూ నన్ను ఓదార్చకూడదు. ఎవరూ నా గురించి ఏడవకూడదు. నువ్వు చదవకూడదు, మధ్యలో కథలు కలుపుతావు.

పేచీ

*

కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది
సమావేశం అయిన మర్నాడు

పేచీకి,

దిద్దుకున్నాను. నువ్వు చెప్పాక చూస్తే, ఆ తేడానే అసలు విషయం. నా అంతట నాకు తట్టలేదు.

హెడ్‌ఫోన్ల పిల్ల చదివింది. హెడ్‌ఫోన్లు తీసి బెంచీ మీద పెట్టి మరీ చదివింది. చదివాక వెంటనే ఏమైనా అనడానికి వీల్లేదు కదా, ముందు తిప్పి చెప్పాలి. నర్సమ్మ లేచింది.

"ఆ మేస్త్రీ విశ్వాసం తగ్గి..."

"కాదండీ" అంది పిల్ల. "అలా అన్నది వేరేవాళ్ళు. ఆ మాట విని చర్చి మానేసింది ఈ ఉత్తరం రాసినావిడ."

నర్సమ్మ కూర్చుంది. మళ్ళీ లేచింది. ఈసారి ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది, ఆ నెత్తి మీద చేతితో సహా. నీ బదులు పిల్లే "అవును" అంది.

అప్పుడు నర్సమ్మ అంది: "బిడ్డ దక్కని తల్లుల దగ్గరికి వచ్చి ఈ మాట అనేవాళ్ళని నా వార్డులో చాలామందిని చూశాను. చూడ్డానికి వచ్చే వేళ అయిపోయిందని చెప్పి బయటికి పంపేసేదాన్ని. వాళ్ళతో కాదని వాదించడానికి నా దగ్గర మాట లేదు. ఇప్పటికీ లేదు. కానీ వాళ్ళు వెళ్ళాక ఆ తల్లి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. దేవుడు ఆ గదిలో ఉన్నాడంటే, మాట్లాడిన వాళ్ళవైపు కాదు, స్టూలు వైపు ఉన్నాడనుకునేదాన్ని. అదే నా విశ్వాసం. ఇంతకంటే లేదు. చాలకపోతే మీ ఇష్టం."

ఇన్నేళ్ళలో ఆవిడ నోటినుంచి ఆ మాట నేను వినలేదు. చెప్పడానికి నేను సందిస్తే కదా.

తరవాత పిల్ల ఒకటి అడిగింది. మంచం మీద దించిన ఆ మనిషికి విశ్వాసం ఉందని ఎక్కడుంది అని. అందరం పేజీలు తిరగేశాం. నేను ఎన్నిసార్లు చెప్పానో ఆ కథ. వెతికితే, ఆ మనిషి ఒక్క ముక్క కూడా మాట్లాడడు. ప్రభువు చూసింది వాళ్ళ విశ్వాసాన్ని, తాళ్ళు పట్టుకున్నవాళ్ళని కూడా కలిపి. మంచం మీదివాడి విశ్వాసం నిండుగా ఉందా వెలితిగా ఉందా అని ఎవరూ అతని నెత్తి మీద చెయ్యి వేసి అడగలేదు.

తలుపు దగ్గరనుంచి కార్యదర్శి అన్నాడు: "మోసేవాళ్ళు అలిసిపోతే?"

కొత్తగా చేరిన కుర్రవాడు ఒకడు లేచి, "మోసేవాళ్ళు అలిసిపోతే ఎలా అంటున్నారు" అని తిప్పి చెప్పాడు. కార్యదర్శి "అవును" అన్నాడు. అని, లోపలికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. వాళ్ళావిడ రెండేళ్ళుగా మంచం మీద ఉందని అందరికీ తెలుసు. ఎలా ఉన్నావని ఆయన్ని అడిగినవాళ్ళం మాత్రం లేము.

నిన్న సమావేశం. క్లాసు ఒకటిగానే ఉంచాలని ఆయనే చెప్పాడు. అందరూ చేతులెత్తారు. అంతటితో ఆగితే బాగుండేది. నర్సమ్మ లేచి, "ఒక షరతు. చిన్నతాతగారు ఇకమీదట చెప్పకూడదు, కూర్చోవాలి. పిల్లలు అడుగుతారు, మనం చెబుదాం" అంది. దానికీ అందరూ చేతులెత్తారు. ముందుకంటే తొందరగా ఎత్తారు.

నేను కూడా ఎత్తాను. నా చేతిలోది ఎవరి చేతిలో పెట్టాలా అని ఇన్నాళ్ళు వెతికాను కదా. చెయ్యి ఖాళీ చెయ్యకుండా ఎలా పెడతాను. వచ్చే ఆదివారంనుంచి కిటికీ పక్క బెంచీలో కూర్చుంటాను. నోరు మూసుకుని ఉండడం ఈ వయసులో నేర్చుకోవాలి. నేర్చుకుంటాను.

ఇక నీ సంగతి. ఓదార్చవద్దన్నావు, ఓదార్చను. కానీ నువ్వు ప్రార్థన చెయ్యలేని రోజుల్లో నీ పేరూ, ఆ మేస్త్రీ భార్య పేరూ నేను చెబుతాను. రోజూ చెబుతాను. దీనికి నీ "అవును" అక్కర్లేదు.

చిన్నతాత

*

లిఫ్టు కంపెనీ వర్క్‌షాపు
పని అయ్యాక

చిన్నతాతా,

నీ ఉత్తరం మేస్త్రీ వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆవిడ కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది. చదవనా అంటే తల ఊపింది. మిషను తొక్కడం ఆపకుండా వింది. నర్సమ్మ స్టూలు దగ్గరికి వచ్చాక ఆపింది.

మళ్ళీ చదవమంది. చదివాను. ఆవిడ తిప్పి చెప్పింది, నేనేమీ అడగకుండానే. "మాట్లాడిన వాళ్ళవైపు కాదు, స్టూలు వైపు." నేను "అవును" అన్నాను. ఆవిడ గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది. "అంతేనేమో అన్నాను ఆ రోజు. అంతే కాదు అనాల్సింది" అంది. "అనడానికి ఎక్కడికి వెళ్ళాలి ఇప్పుడు?" అంది.

మీ క్లాసుకని చెప్పాను. బస్సులో ఒక పూట ప్రయాణం అని కూడా చెప్పాను. ఫరవాలేదంది.

నేను ప్రార్థన చేస్తానని చెప్పడం లేదు. పక్కన కూర్చుంటాను. అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను. ఇప్పటికి నా చేతనైంది అది.

ఆవిడ ఒకటే అడిగింది, ఆ క్లాసు ఎన్నింటికి అని. నేనున్నప్పటి వేళే ఉందో, మార్చారో నాకు తెలియదు. వెంటనే రాయి. మధ్యలో కథలు వద్దు, వేళ ఒక్కటి చాలు.

పేచీ